ఆరో గింజ

జడ్చర్లల ఎరువుల దుకాణం మీది గదిల
యూరియా వాసన నడుమ
ఐదుగురం కూసున్నం.
బియ్యం సంచి నిండ పిల్లల పుస్తకాలు, ముప్పై ఒకటి.
జీతం లేదు, బత్తెం లేదు,
చాయ పైసలు ఎవలియి వాళ్ళయే.
బస్సు కిరాయి ఒక్క అనంతమ్మకే మాఫీ,
ఆమె కండక్టరు గనుక.

జాంగీర్ సారు బొమ్మలు జూస్తడు.
నలభై ఏండ్లు డ్రాయింగు చెప్పిన కండ్లు.
ఆవు గిట్ట తప్పు పడితె ఆడ్నే ఆగిపోతడు,
ఇగ కథ ముందుకు పోదు.
నర్సు ఎస్తేరు రాత్రి డ్యూటీల సదివింది,
కొన్ని పేజీల అంచుకు అయోడిన్ మరక.
వకీలు నిరంజన్ మార్కుల కాయితం గీసిండు:
భాషకు ఇరవై, బొమ్మలకు ఇరవై,
కథకు ముప్పై, నీతికి ముప్పై.

నేను లైన్‌మన్‌ను.
సబ్‌స్టేషన్ల ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుపెడుతుంటె
అన్ని పుస్తకాలు పైకే సదివిన,
అది వింటదని కాదు,
నిద్ర రాకుండ.

నీతి గడి కాడ నా కలం ప్రతిసారి ఆగింది.
నిజం జెప్పిన కుందేలుకు ముప్పై.
అమ్మ మాట వినక గాలానికి చిక్కిన చేపపిల్లకు
ఇరవై ఎనిమిది.
తగ్గించిన ఆ రెండు మార్కులు
చేప దిక్కు నేను నిలబడ్డ జాగ.

ఇంకొకటి ఉండె,
పల్చగ, రెండు స్టేపులర్ పిన్నుల మీద బతికేది.
అచ్చు గూడ అక్కడక్కడ అలుక్కపోయింది.
అమ్మనాయినతోని బొంబాయి పోవాల్సిన పిల్ల
బస్టాండుల మూటల మీద కూసొని
వచ్చిన బస్సుకల్లా బోర్డు సదువుతుంటది.
కొల్లాపూర్. మక్తల్. ఆత్మకూర్. మళ్ళ మక్తల్.
వాళ్ళ బస్సు రాదు.
పుస్తకం అయిపోతది.

"ముగింపేది?" అన్నడు నిరంజన్.
"నీతేది?" అన్నది నేనే.
పక్కకు పెట్టినం.

పొద్దుమీకింది. ఆకలి.
బాలానగర్ దిక్కెల్లి సీతాఫలాల గంప ఎత్తుకొచ్చిన పిల్ల
ఉన్నయన్నీ మాకే అమ్మి,
గంపకోసం గడప కాడ కూసుంది.
మేం తింటున్నం, కొట్లాడుతున్నం,
కుందేలా, చేపా అని.
పిల్ల దిక్కు ఎవ్వరం జూడలె.
పక్కకు పెట్టిన పుస్తకాల కుప్ప
ఆమె మోకాలికి ఆని ఉంది.

"చీటీలెందుకు, గింజలున్నయి గద,"
అంది అనంతమ్మ.
కుందేలు ముందల ఒక స్టీలు గ్లాసు,
చేప ముందల ఒకటి.
ఒక్కొక్కరు లేసి పోవాలె,
మిగిలినోళ్ళు కండ్లు మూసుకోవాలె.
అరవై దాటిన జాంగీర్ సారు గూడ
దాగుడుమూతల పోరని లెక్క
అరచేతులు మొకానికి అడ్డం పెట్టుకుండు.
టంగుమని ఐదు సార్లు.

కుందేలుకు మూడు. చేపకు రెండు.
లెక్క కుదిరింది.

గ్లాసులు తీస్తుంటె ఎస్తేరు జూసింది:
గ్లాసే లేని పుస్తకం మీద,
ఆ పిన్నుల పుస్తకం అట్ట మీద,
ఇంకో గింజ.
నల్లగ, తడిగ,
కొంచెం గుజ్జు ఇంకా అంటుకొనే ఉంది.

"ఇదెవలిది?"
వకీలు గొంతు కోర్టుల లెక్క లేసింది.
"నాది," అంది పిల్ల, గంప దులుపుకుంట.
"నువ్వెందుకేసినవ్?"
"నేను గూడ సదివిన గద."

నిరంజన్ నిబంధనల కాయితం
అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.
ఆమెను ఆపేది అండ్ల ఏం లేదు,
ఆమెను లెక్కవెట్టేది గూడ లేదు.

"బస్సు రాలేదు గద, మరి బాగెట్లుంది?"
నేనడిగిన, మెల్లగ.
పిల్ల నన్ను జూసిన చూపు
కరెంటు పోయినంక ఫోన్లు జేసేటోళ్ళ గొంతుల
రోజూ విన్నదే.
"మా బస్సు గూడ గట్లనే లేటయితది సార్."

కుందేలే గెలిచింది, దాస్తలేను.
శాలువ కొన్నం, ఫొటో దిగినం.
ఆ పుస్తకం ఉంచుకొమ్మంటె
పిల్ల వద్దంది:
"అయిపోయింది గద. సదవనిది ఇంకోటియ్యి."
చేపను తీసుకపోయింది.
అరవై రూపాయలు రెండుసార్లు లెక్కవెట్టుకొని మరీ.

ఆ గింజ నా పనిముట్ల సంచిల ఉంది,
ఫ్యూజు వైరు చుట్ట పక్కన.
స్తంభమెక్కినప్పుడల్లా గలగలమంటది.
మళ్ళేటి కాయితం ఈసారి నేనే గీస్తున్న.
నీతి గడి కాడికి వచ్చిన.
ఇంకా ఏం రాయలె.